పిల్లలకు ముందు కావలసినది అర్థము కాదు, అక్షరము

గత మాసమున మన చిక్కసూగూరులోని ఒక ఇంటికి కర్నూలు నుండి ఒక వార్త వచ్చినది. పంపినది ఆ ఇంటి పెద్దాయనకు అక్కగారు. 80 ఏండ్లు దాటిన మనిషి. ఆమె చెప్పుచుండగా మనుమరాలు ఫోనులో చక్కని తెలుగు అక్షరములతో టైపు చేసి పంపినది. ఇచ్చట పెద్దాయనకు కంటి శస్త్రచికిత్స జరిగి పది దినములే అయినది. కొంతకాలము చదువరాదని వైద్యుల ఆజ్ఞ. కొడుకు, కోడలు పనిమీద రాయచూరు వెళ్ళియుండిరి. ఇంటనున్నవాడు ఎనిమిదవ తరగతి చదువు మనుమడు. చదువు కన్నడములో, తరగతిలో మొదటి ముగ్గురిలో ఒకడు. తెలుగు అక్షరము మాత్రము రాదు. వాడు ఆ వార్తను ఫోనులోని అనువాద యంత్రమునకు అప్పగించినాడు. యంత్రము క్షణములో ఇంగ్లీషు చేసి ఇచ్చినది.

"తాతా, కర్నూలు అవ్వకి కాళ్ళు చేతులు పడిపోయినాయంట!" అని పిల్లవాడు కేక వేసినాడు. పెద్దాయన భుజమున తువ్వాలు వేసికొని బస్సులు ఆగు చోటికి బయలుదేరినాడు. వీథి మలుపులో మాలో ఒకరు ఎదురుపడి, సంగతి విని, ఆ ఫోను తీసికొని చదివిరి. "మీ సంగతులు తెలియక నాకు కాలూ చెయ్యీ ఆడడం లేదు" అని యున్నది. అంతే.

అందరును నవ్విరి. పిల్లవాడు మాత్రము నవ్వలేదు. "ఈ మాట మా అవ్వ దినాము అంటది కదా!" అన్నాడు. బస్సు ఆలస్యమైనను, వాన రాకపోయినను, కొడుకు ఫోను ఎత్తకపోయినను ఆ ఇంట వినబడు మాట అదియే. ఆ వాక్యమును ఎవరైన పైకి చదివి వినిపించియుండినచో పిల్లవానికి అర్థము అడుగవలసిన పనియే లేదు. వానికి లేనిది అర్థము కాదు, అక్షరము.

ఈ చిన్న సంగతి మా మనస్సులలో చాల దినములు తిరిగినది. ఫోనులు, పలకలవంటి కంప్యూటరులు, వానిలోని చదువు పరికరములు పిల్లల చేతికి వచ్చినవి గనుక తెలుగు చదువు తనంతట తానే వచ్చునని మన కుటుంబములలో కొందరు నమ్ముచున్నారు. ఆ పరికరములే చదువును చంపుచున్నవని మరికొందరు ఫోను లాగికొనుచున్నారు. ఇరువురి మాటయు మాకు సరిగా తోచుట లేదు. పరికరము మంచిదే, అయితే మన పిల్లలకు అది చేయవలసిన పని వేరు, మనము చేయించుచున్న పని వేరు.

పరభాషను నేర్చువారు నేడు ఈ పరికరములను ఎట్లు వాడుదురో ముందు చూతము. మన ఇండ్లలో చదువుకొనిన పిల్లలు కొందరు ఉద్యోగముల కొరకు జర్మను, జపాను భాషలు నేర్చుచున్నారు. వారు ఒక కథనో, వార్తనో తెరపై తెరచెదరు. తెలియని మాటపై వ్రేలు పెట్టగానే దాని అర్థము ప్రక్కన కనబడును. ఆ మాట ఒక పట్టికలో చేరును. నాలుగు దినముల పిదప పరికరము ఆ మాటనే మరల అడుగును. తెలిసినచో ఎక్కువ దినములకు, తెలియనిచో మరునాటికే తిరిగి చూపును. కంఠస్థము చేసిన దానిని మనుష్యుడు ఎంత త్వరగా మరచునో జర్మను దేశమున ఎబ్బింగ్‌హౌస్ అను పండితుడు తనపైననే పరీక్షలు చేసికొని 1885 లో ప్రకటించినాడు. ఆ విషయమును ఆధారము చేసికొని 1972 లో సెబాస్టియన్ లైట్నర్ అను రచయిత అట్టముక్కలను పెట్టెలోని అరలలో మార్చుచు వల్లెవేయు పద్ధతిని ప్రచారము చేసినాడు. 2006 లో వెలువడిన ఆంకీ అను ఉచిత పరికరము మొదలైనవి ఆ పెట్టెనే ఫోనులోనికి తెచ్చినవి. ఇదంతయు చక్కని ఏర్పాటు. జర్మను మాట మన పిల్లవాడు ఏ అవ్వ నోటను వినలేదు గనుక వానికి ప్రతి మాటకును అర్థము కావలెను.

ఇట్టి స్థితిలోనే ఒకప్పుడు తెలుగు నేర్చిన వాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1817 లో మద్రాసుకు వచ్చి, అచ్చటి కాలేజీలో తెలుగు మొదలుపెట్టి, 1820 లో కడపకు ఉద్యోగిగా వెళ్ళినాడు. ఉయ్యాలలో విన్న మాట ఒక్కటియు లేని వానికి తెలుగు అంతయు చీకటి కొట్టు. తన స్వంత ద్రవ్యముతో పండితులను, లేఖకులను పోషించి, ప్రతులను సరిచూపించి, మాట మాటకు అర్థము వ్రాసికొనుచు పోయినాడు. 1852 లో అచ్చయిన ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ఆ శ్రమ ఫలము. నేడది షికాగో విశ్వవిద్యాలయము వారి నిఘంటువుల భాండారములోను, ఆంధ్రభారతి వారి నిఘంటువులలోను ఉండి, ఫోను గల ప్రతివానికి ఒక్క పైసా ఖర్చు లేక దొరకుచున్నది.

మన పిల్లవాని స్థితి బ్రౌను స్థితికి తలక్రిందు. బ్రౌనుకు అక్షరములు నేర్చుట కొన్ని వారముల పని, అర్థము ఒక జీవితకాలపు పని. మన పిల్లవానికి అర్థము తల్లి ఒడిలోనే వచ్చినది. అక్షరము పదునాలుగేండ్లు వచ్చినను రాలేదు. చెవికి మాతృభాష, కంటికి పరభాష. బ్రౌనుకు కావలసిన పరికరమునే మన పిల్లవాని చేతికిచ్చి తెలుగు రాలేదని కోపించుటలో న్యాయమున్నదా?

ఈ స్థితి ఎట్లు వచ్చినదో మన కుటుంబములకు మేము చెప్పనక్కరలేదు. 1956 నవంబరు 1 వ తేదీన హైదరాబాదు రాష్ట్రము మూడు ముక్కలైనపుడు రాయచూరు మైసూరు రాష్ట్రమున చేరినది. మనలో కొందరి పూర్వులు ఆ గీత గీయక ముందునుండియు ఇచ్చటి వారే. కొందరు తుంగభద్ర ఆనకట్టకు 1953 లో నీరు నిలిచిన పిదప కోస్తా జిల్లాల నుండి వచ్చి క్యాంపులు వేసికొని భూములు బాగుచేసినవారి సంతతి. కొందరు 1985 లో శక్తినగరమున విద్యుత్తు ఉత్పత్తి మొదలైన తరువాత ఉద్యోగములకు వచ్చినవారు. అందరి పిల్లలును నేడు కన్నడములోనో, ఇంగ్లీషులోనో చదువుచున్నారు. కన్నడము నేర్చుటపై మాకే ఫిర్యాదు లేదు. ఈ నేలపై బ్రదుకువానికి ఈ నేల భాష రావలెను. 2015 నాటి చట్టము దానిని బడులలో తప్పనిసరి చేయకపోయినను మనము నేర్పించియే యుందుము. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించుటకు రాష్ట్రములు ప్రయత్నింపవలెనని రాజ్యాంగమున 350ఎ అధికరణము 1956 లోనే చేరినది. దానిని గూర్చి ఈ పత్రికలో పలుమార్లు వ్రాసితిమి, మరల వ్రాయుదుము. కాని అధికరణము అమలగు నాటికి ఈ పిల్లవానికి మీసములు వచ్చును. అంతవరకు ఇంటిలో జరుగవలసిన పని ఒకటి కలదు.

ఆ పనికి మన పిల్లలవద్ద మిక్కిలి విలువగల పెట్టుబడి ఒకటి ముందే యున్నది: కన్నడ అక్షరము. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు. చాల కాలము తెలుగు–కన్నడ లిపి యని ఒక్క పేరుతోనే పిలువబడినవి. గ, ర, డ, బ, ల వంటి అక్షరములను కన్నడ పిల్లవాడు ఎవరును చెప్పకయే గుర్తించును. క, త, న, శ వంటివి కొన్నియు, తలకట్టు, గుణింతపు గుర్తులు కొన్నియు వానిని తికమకపెట్టును. అంతియే. కొత్తగా నేర్వవలసినది యాభై ఆరు అక్షరములు కాదు. పట్టుమని ఇరువది గుర్తులుండునేమో.

కంప్యూటరు ఈ చుట్టరికమును మనకంటె ముందు గుర్తించినది. ప్రపంచ భాషల అక్షరములన్నిటికి సంఖ్యలు కేటాయించు యూనికోడ్ అను ప్రమాణము 1991 లో మొదటిసారి వెలువడినపుడు, భారతీయ లిపులకు మన దేశములోనే రూపొందిన ఇస్కీ అను ప్రమాణపు 1988 నాటి వరుసను తీసికొనినది. ఆ వరుస అన్ని లిపులకు ఒక్కటే. తెలుగునకు 3072 మొదలు 3199 వరకు, దాని ప్రక్క గడిలోనే కన్నడమునకు 3200 మొదలు 3327 వరకు సంఖ్యలు. తెలుగు "క" 3093. కన్నడ "క" 3221. తెలుగు "మ" 3118. కన్నడ "మ" 3246. ఏ అక్షరమునైనను తీసికొనుడు, ఒకటి రెండు అపవాదములు తప్ప భేదము ఎప్పుడును 128. అనగా ఒక తెలుగు కథ మొత్తమును కన్నడ అక్షరములలో చూడవలెనన్నచో యంత్రము చేయవలసినది ప్రతి అక్షరమునకు 128 కూడుట మాత్రమే. అనువాదములో వలె యంత్రము తడబడుటకు ఇందు తావు లేదు. అక్షరముఖ అను ఉచిత పరికరము ఈ లిపి మార్పిడిని ఎన్నో లిపుల మధ్య చేయుచున్నది.

ఆనాడు పిల్లవాడు అవ్వ వార్తను అనువాద యంత్రమునకు గాక ఈ లిపి మార్చు పరికరమునకు ఇచ్చియుండినచో ఏమగును? "కాలూ చెయ్యీ ఆడడం లేదు" అని కన్నడ అక్షరములలో కనబడును. వాడు చదువును, చెవి వినును, అర్థమగును. తాతగారు తువ్వాలు వేసికొననక్కరలేదు.

మేము చెప్పదలచినది ఇదియే. మన పిల్లలకు పరికరము మొదట మాట అర్థమును ఇవ్వరాదు. మాట ధ్వనిని ఇవ్వవలెను. మిగిలినది చెవి చూచుకొనును.

ఇచ్చట ఒక ప్రమాదము కూడ కలదు. పుటయంతయు కన్నడ అక్షరములలోనికి మార్చి ఇచ్చినచో పిల్లవాడు సుఖముగా చదివి, తెలుగు అక్షరము వైపు కన్నెత్తియైన చూడడు. చేతికర్ర కాలికి బదులగును. మన పూర్వులకు ఈ సంగతి తెలియును. మద్రాసులో 1854 లో స్థాపితమైన వావిళ్ళవారి వంటి ముద్రాక్షరశాలలు పద్యము పైన, టీక దాని క్రింద, తాత్పర్యము కట్టకడపట వేసెడివి. పద్యమును రెండుమార్లు చదివి, ఆగిన చోట మాత్రము టీక చూచినవానికి పద్యము వచ్చెడిది. నేరుగా తాత్పర్యమునకు పోయినవానికి పరీక్ష మాత్రమే గట్టెక్కెడిది. మాలో కొందరు రెండవ తెగవారే. ఆ పద్యములు ఇప్పుడొకటియు జ్ఞాపకము లేవు. కావున కన్నడ రూపము పుటమొత్తమునకు గాక, ఆగిన మాటకు మాత్రమే, అడిగినపుడు మాత్రమే కనబడవలెను. వ్రేలు పెట్టిన మాటకు అర్థము చూపు పరికరములున్నవి గదా. అర్థమునకు బదులు కన్నడ రూపము చూపు పరికరమును చేయుట చదువుకొనిన మన యువకులకు కష్టమైన పని కాదు. వారిలో ఒకరిద్దరు ఆదివారములు రెండు దీనికి ఇచ్చినచో మన సంఘము వారి పేరు సంతోషముగా ప్రకటించును. అది సిద్ధమగువరకు తల్లియో తాతయో ప్రక్కన కూర్చుండి ఆ పని చేయవచ్చును. పిల్లవాడు ఆగిన మాటను పలుకుడు, అర్థము చెప్పకుడు.

చదువుటకు ఏమియున్నదని అడుగువారికి: ప్రథమ్ బుక్స్ సంస్థ 2015 లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో పిల్లల కథలు తెలుగునను, కన్నడమునను, ఇంకను అనేక భాషలలోను ఉచితముగా కలవు, చిన్నవారికి చిన్న వాక్యములు, పెద్దవారికి పెద్దవి అని మెట్లు ఏర్పరచినారు. ఒకే కథ, ఒకే బొమ్మలు, రెండు భాషలలో దొరకును. సాయంకాలము కన్నడములో చదివిన కథనే మరునాడు తెలుగులో చదివించుడు. కథ తెలిసినందున పిల్లవాని కన్ను ధైర్యముగా నడచును. ముందు "హులి" అని చదివినవాడు అదే బొమ్మ క్రింద "పులి" అను మాటను విడదీసికొనును. పాలు–హాలు, పూవు–హూవు, పల్లె–హళ్ళి అను జతలు రెండుమూడు ఎదురైనచో, ఇచ్చటి "ప" అచ్చట "హ" అగుచున్నదని ఏ వ్యాకరణమును చెప్పకయే తానే కనిపెట్టును. అట్లు కనిపెట్టినపుడు ఆ ముఖమును చూచిన వారికి ఈ శ్రమ శ్రమయనిపింపదు. మోసగించు మాటలు కూడ కొన్ని కలవు. కన్నడమున "మరి" యనగా జంతువు పిల్ల. "మరి ఏమైనది?" అను వాక్యమును చదివి, ఏ పిల్లకు ఏమైనదో యని వెదకిన బాలిక మా ఎరుకలో కలదు.

చందమామ పాత సంచికలను గూర్చి పెద్దలు అడుగుచుందురు. 1947 జూలైలో మద్రాసున తెలుగు, తమిళములలో మొదలై, పిమ్మట కన్నడమునకును వచ్చిన ఆ పత్రిక నేడు వెలువడుట లేదు గాని, పాత సంచికల పుటలు ఇంటర్నెట్టులో కొల్లలు. అయితే అవి పుటల ఛాయాచిత్రములు. బొమ్మలోని అక్షరముపై వ్రేలు పెట్టిన పరికరమునకు అది అక్షరమని తెలియదు. ముందు దానిని గుర్తింపజేయు వేరొక పరికరము కావలెను, పాత అచ్చులో అది తప్పులు చేయుచుండును. కావున చందమామను పిల్లవానికి పరికరముతో గాక ప్రక్కన కూర్చుండి చదివించుటయే మేలు. వికీసోర్సులో స్వచ్ఛంద సేవకులు అక్షరము అక్షరము టైపు చేసి, సరిచూచి పెట్టిన తెలుగు పుస్తకములు వేరు. అవి నిజమైన అక్షరములు, ఏ పరికరమునకైనను లొంగును. అందులో పెద్దవారి పుస్తకములే ఎక్కువ.

ఇక అర్థము అసలే అక్కరలేదా యన్న ప్రశ్న. ఎందుకక్కరలేదు? ఇంట విన్న తెలుగు వంటకు, పొలమునకు, పెండ్లికి, పోట్లాటకు చాలును. వార్తాపత్రిక తెరచినచో చాలదు. అయితే అచ్చట కూడ కన్నడ బడి మనకు మేలే చేసినది. ఆరోగ్యము, న్యాయము వంటి సంస్కృత శబ్దములను పిల్లవాడు కన్నడ పాఠములోనే నేర్చియున్నాడు. చివర "ము" చేర్చుటయే తరువాయి. బయటి మాట బడి ఇచ్చినది, ఇంటి మాట తల్లి ఇచ్చినది. రెంటికిని నడుమ మిగులునవి మన ప్రాంతమున వాడుక తప్పిన దేశ్య పదములు. వానికి నిఘంటువు కావలెను, వల్లెవేయు పెట్టె కూడ పనికివచ్చును. దినమునకు ఐదు మాటలు చాలును. ఏబది మాటలు పెట్టి పిల్లవానిని భయపెట్టిన తండ్రులను మేమెరుగుదుము.

నిఘంటువుతో వచ్చు చిక్కు ఒకటి ముందే చెప్పుట మంచిది. ఇంగ్లీషు మాట వాక్యములో పెద్దగా రూపు మారదు. అందుచేత వ్రేలు పెట్టగానే అర్థము వచ్చును. తెలుగు మాట అట్లు నిలువదు. కథలో "ఇంటిలోనుండి" యని యుండును; నిఘంటువులో "ఇల్లు" అని యుండును. "వెళ్ళిపోయినాడట" అను దానిని ఏ నిఘంటువులోను వెదకి ప్రయోజనము లేదు; "వెళ్ళు" అని వెదకవలెను. పరికరము "ఈ మాట లేదు" అనగానే పిల్లవాడు తెలుగునకే నిఘంటువు లేదనుకొనును. అప్పుడు పెద్దలు మాట తొడుగులను ఒక్కొక్కటిగా విప్పి మొదలును చూపవలెను. కన్నడమునను "మనెయింద" అను దానిలో "మనె" దాగియున్నదని చెప్పినచో వాడు వెంటనే గ్రహించును.

పిల్లలను గూర్చి ఇంత చెప్పి పెద్దలను విడిచిపెట్టుట న్యాయము కాదు. మన కుటుంబములలో ప్రతి ఇంటికి ఫోనులో ఒక బంధువుల బృందము కలదు. అందులో తెలుగు ఎట్లు వ్రాయుచున్నాము? ఇంగ్లీషు అక్షరములతో. చక్కగా తెలుగు చదివిన తండ్రి, కాగితముపై ముత్యములవంటి అక్షరములు వ్రాయు తల్లి, ఫోను చేతికి రాగానే తెలుగును ఇంగ్లీషు లిపిలో ముక్కలు చేయుచున్నారు. మేమును దీనికి అతీతులము కాము. ఈ వ్యాసమును గూర్చి మాలో మేము జరుపుకొనిన సంప్రదింపులలో సగము ఆ లిపిలోనే సాగినవని సిగ్గుతో ఒప్పుకొనుచున్నాము. పిల్లవాడు దినమునకు నూరుమార్లు చూచు తెర అదియే. అందులో ఒక్క తెలుగు అక్షరమైన కనబడనపుడు, వారమునకొకమారు అరగంట కథ చదివించి ప్రయోజనమేమి? తెలుగు మీటలు ప్రతి ఫోనులోను కలవు. టైపు చేయుటకు ఓపిక లేనివారు పలికినచో ఫోనే తెలుగులో వ్రాసిపెట్టును. కర్నూలు మనుమరాలు చేసిన పనిని మనమెందుకు చేయరాదు? అవ్వ వార్త తెలుగు అక్షరములలో వచ్చినందుననే గదా ఆ పిల్లవానికి తన లోటు తెలిసినది.

ఫోను పైకి చదివి వినిపించుచుండగా అక్షరమెందుకని అడుగు యువకులున్నారు. వారికి ఒక పాత సంగతి జ్ఞాపకము చేయుదుము. నిజాము పాలనలో రాయచూరు కచేరీల భాష ఉర్దూ. తన భూమి కాగితము తన చేతిలోనే యున్నను, దానిని చదివి చెప్పువాని యొద్దకు మన తాతలు పోవలసివచ్చెడిది. వాడు చెప్పినదే వ్రాత; వాడు మరచినది లేనిదే. నేడు అట్టి పెట్టెలు మన ఇండ్లలో కలవు: తాత చేతి తెలుగు లెక్కల పుస్తకము, పంపకపు కాగితము, పెండ్లి కట్నకానుకల చిట్టా, పోయినవారి ఉత్తరములు. పెన్సిలుతో గొలుసుకట్టుగా వ్రాసి, చెదలు కొంత తిన్న ఆ కాగితమును యంత్రము తడబడక చదువునని మేము నమ్మలేము. చదివినను, సరిగా చదివినదో లేదో చెప్పగలవారు ఇంటనుండవలెను గదా.

మన సంఘమునకు ఇటీవల వచ్చిన సలహా ఒకటి కలదు. ఈ వ్యాసమునకు అసలు కారణము అదియే. యువతరమునకు తెలుగు అక్షరములు రావు గనుక ఈ పత్రికను ఇకపై కన్నడ అక్షరములలోనో, ఇంగ్లీషు అక్షరములలోనో ముద్రింపవలెనని కొందరు సభ్యులు సదుద్దేశముతో కోరియున్నారు. ఇంగ్లీషు అక్షరముల విషయమున మా సమాధానము సూటిగా కాదనియే. ణకు నకు, ళకు లకు, హ్రస్వమునకు దీర్ఘమునకు భేదము చూపలేని వాడుక వ్రాతలో తెలుగు నేర్చినవాడు తెలుగును సరిగా పలుకలేడు. కన్నడ అక్షరముల విషయమున మాలోనే రెండు తలంపులు. 128 కూడినంతనే తీరు సమస్యకు పత్రిక లిపినే మార్చుట, చెప్పు కరచుచున్నదని కాలు తీయించుకొనుట వంటిదని మాలో పెద్దవారి అభిప్రాయము. చదువరులు లేని లిపిలో పత్రిక ఎవరికొరకని చిన్నవారి ప్రశ్న. ఆ ప్రశ్నను త్రోసివేయలేము. గత సంవత్సరము చందా మానుకొనిన ఇండ్లలో చదువగలవారు లేకపోవుటయే కారణమని మాకు తెలియును.

కావున మేము సూచించు మార్గమిది. నాలుగవ పుటలో పిల్లల కొరకు ఒక చిన్న భాగము. తెలుగు పంక్తి పెద్ద అక్షరములలో, దాని క్రింద కన్నడ అక్షరములలో అదే పంక్తి చిన్నదిగా. మొదటి మాసము ప్రతి మాటకును, రెండవ మాసము కష్టమైన మాటలకు మాత్రమే, మూడవ మాసము క, త, న, శ వంటి అక్షరములున్న మాటలకు మాత్రమే. ఆరవ మాసమునకు క్రింది పంక్తి ఉండదు. అప్పటికి ఎంతమంది పిల్లలు మిగిలియుందురో చూచి, సర్వసభ్య సమావేశము నిర్ణయింపవచ్చును. కృష్ణానది అవతలి ఒడ్డున, తెలంగాణములోని కృష్ణా మండలమున కన్నడ కుటుంబములు కలవు. వారి పిల్లలకు కావలసినది ఇదే పని, తలక్రిందుగా. వారు కోరినచో ఆ భాగమును వారికిచ్చుటకు మాకభ్యంతరము లేదు. 128 తీసివేసినచో సరిపోవును.

కర్నూలు అవ్వగారికి ప్రత్యుత్తరము పోయినది. తాతగారు చెప్పుదునన్నను పిల్లవాడు ఒప్పుకొనక, నాలుగు సాయంకాలములు కూర్చుండి కాగితముపై తానే వ్రాసి, దాని ఛాయాచిత్రము పంపినాడు. ఐదు పంక్తులు. "తాత" యన్న చోట రెండు "త"లును కన్నడపు వంకరతోనే యున్నవి. "న" అక్షరము ఒకచోట తెలుగు, ఒకచోట కన్నడము. కర్నూలు వారికి ఒక్క మాటయు ఆగలేదట. ఆమె తిరుగు వార్తలో, తాతగారి కన్ను ఎట్లున్నదో ఈ మారు వానినే వ్రాయుమని అడిగినది.